కారం ముట్టని చుట్టం

చిక్కడపల్లిలో కాకులకు కొదవ లేదు. చేపల దుకాణాల దగ్గర ఒక గుంపు, గుడి వెనక తీగల మీద ఒక గుంపు, అశోక్ నగర్ హాస్టళ్ల డాబాల మీద ఆరేసిన లుంగీల మధ్య ఇంకో గుంపు. సర్కారు కొలువులకు చదివే పిల్లలు పారేసిన ఉప్మా తిని తిని, వాటికి కూడా సగం సిలబస్ వచ్చేసిందని సృజన్ అంటుండేవాడు. అలాంటి చోట, వాళ్ల పెద్దనాయన రాఘవేందర్ పోయిన పదో రోజున, ఒక్క కాకి కిందికి దిగలేదు.

డాబా పిట్టగోడ మీద ఇస్తరాకు పరిచి పెట్టారు. అన్నం, పప్పు, గారెలు, ఓ పక్కన ఆయన ప్రాణమైన మామిడికాయ తొక్కు. బతికున్నన్నాళ్లూ ఆయనకు మొదటి ముద్ద తొక్కుతోనే దిగాలి. జాడీలో చెంచా ఉన్నా చూపుడు వేలే పెట్టేవాడు. తొక్కు మీద నాగలి చాలులాగా గీత పడేది. భార్య అరుంధతి కసురుకునేది. ఆయన వేలు నాకుతూ నవ్వేవాడు.

పిట్ట ముడితేగాని ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టొద్దు. పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిపోతేనే పిట్ట దిగదని అందరికీ తెలుసు. అందుకని ఒక్కొక్కరే ఆకు దగ్గరికొచ్చి మాట ఇస్తున్నారు. కూతురు త్రివేణి, అమ్మను విద్యానగర్‌లో తన దగ్గరే పెట్టుకుంటానంది. తీగ మీది కాకి తల తిప్పుకుంది. తమ్ముడు, అంటే సృజన్ తండ్రి, నడిమి గోడ పంచాయితీ ఇక ఎత్తనన్నాడు. కాకి రెక్క గోక్కుంది. ఎండ నెత్తికెక్కింది. లోపల గారెల వాసన. సృజన్‌కు ఆకలి కడుపులో కాదు, కళ్లలో కనిపిస్తోంది.

"పెద్దనాయనా, జర దిగు," అన్నాడు చేతులు జోడించి, పెదవి కొసన నవ్వు దాచుకుని. "నిన్ను ఆ బిస్కెట్ డబ్బా మీది ఊరికి తోలుకపోత."

నలుగురూ నవ్వబోయారు. నవ్వు బయటికి రాకముందే కాకి దిగింది. గారె కాదు, అన్నం కాదు. తిన్నగా తొక్కులో ముక్కు పెట్టింది.

ఆ డబ్బా సంగతి ఇంట్లో చిన్నపిల్లలకూ తెలుసు. రాఘవేందర్ చిన్నప్పుడు సుల్తాన్ బజార్‌లో వాళ్ల నాయన కొనిచ్చిన రేకు డబ్బా అది. బిస్కెట్లు వారంలో అయిపోయాయి, డబ్బా మాత్రం డెబ్బై ఏళ్లు బతికింది. ఇప్పుడందులో అరుంధతి సూదీ దారం ఉంటాయి. మూత మీద బొమ్మ: రాతి స్తంభాల మీద నిలబెట్టిన అంగడి మండపం, దాని నెత్తిన గడియారం, చుట్టూ గుర్రపు బండ్లు, గొర్రెలు. కింద ఊరి పేరు, థాక్స్‌బరీ. ఇంగ్లండులో ఎక్కడో పాత సంత ఊరు. ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసినన్నాళ్లూ, రిటైరయ్యాకా, ఒక్కసారి ఆ మండపం కింద నిలబడాలని ఆయన కోరిక. నారాయణగూడ దాటాలంటేనే ఆటో బేరం కుదరని మనిషికి అది కోరికగానే మిగిలింది.

"మాట ఇచ్చినవు కొడుకా," అంది అరుంధతి ఆ సాయంత్రం. అంతే అంది.

ఏడాది మైల గడవకుండా గడప దాటొద్దని కొందరు అడ్డం పడ్డారు. చచ్చిన మనిషికి ఇచ్చిన మాట మైల కంటే పెద్దదని అయ్యగారు తేల్చేశారు. త్రివేణికి నెలలు నిండుతున్నాయి కాబట్టి ప్రయాణం పెద్దమ్మ మీదా, నోరు జారిన సృజన్ మీదా పడింది. వీసా కాగితంలో అతను 'పర్యటన' అని రాశాడు. కాకి ఒప్పుకుంది గనక వెళ్తున్నామని రాయలేడు కదా.

విమానంలో అరుంధతి తన సంచిలోంచి ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "జర కిటికీ దిక్కు నుంచి జరుగు. ఆయన చూస్తడు," అంది. సృజన్ జరిగాడు. నవ్వు రాలేదు.

నవంబరు. థాక్స్‌బరీ చేరేసరికి పొద్దున్నే సాయంత్రంలా ఉంది. ఊరు అచ్చం డబ్బా మూతే. తేనె రంగు రాతి ఇళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి, ముసలాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నట్టు. నున్నటి బండరాళ్ల బాట. వాళ్లు దిగింది ఒకప్పుడు గుర్రపు బండ్లు ఆగిన సత్రంలో. బండి దూరేంత కమాను దాటి లోపలికి పోవాలి. నేల ఎంత ఏటవాలుగా ఉందంటే, గోళీ వదిలితే దానంతటదే మూలకు పోయి కూర్చుంటుంది. సృజన్ వదిలి చూశాడు కూడా. సత్రం నడిపే డోరీన్ అనే ముసలామె, వంటింట్లో ఒక పొయ్యి వాళ్లకు వదిలేసింది. అరుంధతి తెచ్చిన తొక్కు జాడీ మూత తీసి వాసన చూసి, కళ్లనీళ్లు పెట్టుకుని, చాలా మర్యాదగా మూత పెట్టేసింది.

మర్నాడు గురువారం. వారంలో అంగడి ఆ రోజే. మండపం చుట్టూ జున్ను గడ్డలు, ఉన్ని టోపీలు, గోబీ పూలు. అరుంధతి ఒక గోబీని అటూ ఇటూ తిప్పి చూసి, బేరమాడటానికి భాష లేక నిట్టూర్చింది. సృజన్‌కు మాత్రం ఏదో తేడాగా తోచింది. కాసేపటికి తెలిసింది. చప్పుడు లేదు. బయటి బళ్ల వాళ్లు కేకలేస్తున్నారు గానీ, స్తంభాల నడుమ, మండపం కింద అమ్మేవాళ్లు ఒక్కరూ గిరాకీని పిలవడం లేదు. చేయి ఊపడం లేదు. మనం దగ్గరికి పోతే తలెత్తి చూస్తారు, అంతే. సుల్తాన్ బజార్‌లో అయితే ఈపాటికి నలుగురు అక్కా అక్కా అని కొంగు పట్టుకునేవాళ్లు. ఇంగ్లీషోళ్లకు సిగ్గెక్కువ కాబోలని సరిపెట్టుకున్నాడు.

నాలుగింటికే చీకటి దిగింది. బళ్లు సర్దేశారు. తడి గడ్డి వాసన, చల్లారిన నూనె వాసన. అరుంధతి మండపం కింద, లోపలి స్తంభం మొదట్లో ఇస్తరాకు పరిచింది. సత్రంలో వండిన అన్నం, పప్పు, తొక్కు. పక్కన నారాయణగూడ నుంచి తడిబట్టలో చుట్టి తెచ్చిన తమలపాకులు, వక్క, రూపాయి బిళ్ల.

ఇక మగమనిషి గోత్రం చెప్పి, పోయిన వాళ్ల పేరు పెట్టి పిలవాలి. పెద్దమ్మ కళ్లతో సైగ చేసింది. సరిగ్గా అప్పుడే కుక్కను నడిపించుకుంటూ ఇద్దరు ఆడపిల్లలు అక్కడ ఆగారు. సృజన్‌కు చెవులు వేడెక్కాయి. సిగ్గేసినప్పుడు అతనికి వేళాకోళం తన్నుకొస్తుంది. అది పుట్టు రోగం.

"ఆకలైనోళ్లు ఎవరున్నా రండి," అన్నాడు గొంతు పెంచి, పెళ్లి పందిట్లో బంతికి పిలిచినట్టు. "హైదరాబాద్ భోజనం."

అరుంధతి వీపు మీద ఒక్కటి వేసింది. పిల్లలు వెళ్లిపోయారు. తర్వాత ఆమే వంగి, స్తంభం వైపు చూస్తూ మెల్లగా పిలిచింది. కట్టుకున్నవాడి పేరు ఆమె జన్మలో నోటితో అనలేదు. రేషన్ కార్డు దగ్గర కూడా త్రివేణి చేత చెప్పించేది.

"రావయ్యా... వచ్చి తిను. తిన్నంక మనింటికి పోదాం."

అలా, ఆ మండపం కింద పిలుపు రెండుసార్లు వినిపించింది. పేరు ఒక్కసారీ వినిపించలేదు. ఆ సంగతి సృజన్‌కు తర్వాతెప్పుడో తట్టింది.

వెనక్కి చూడకుండా వీధి చివరిదాకా నడిచి, మళ్లీ వచ్చారు. ఆకులో అన్నం లేదు. మెతుకు లేదు. రూపాయి బిళ్ల లేదు. తొక్కు మాత్రం పెట్టింది పెట్టినట్టే, ఎర్రగా, నూనె మెరుస్తూ ఉంది.

అరుంధతి రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. పెద్దనాయన పోయాక ఆమె తేలికపడి ఏడవడం అదే మొదలు. ఆ ముఖం చూశాక, తొక్కు ఎందుకు ముట్టలేదని అడగబుద్ధి కాలేదు అతనికి. కుక్క తిని ఉంటుంది. మరి కుక్క రూపాయి బిళ్లను ఏం చేసుకుంటుంది?

సత్రం మెట్లు పాత చెక్కవి. పెద్దమ్మ ముందు, తను వెనక. ఆమె అడుగుకో కిర్రు, తన అడుగుకో కిర్రు. పైకి చేరి ఇద్దరూ ఆగారు.

కింద ఇంకో కిర్రు...

మొదట పెద్దమ్మే నవ్వింది. "ఇగ ఆపు నీ షైతాన్ పనులు," అంది. సృజన్ తన రెండు కాళ్లనూ చూసుకున్నాడు. రెండూ పైమెట్టు మీదే ఉన్నాయి.

అప్పటినుంచి ఇద్దరిలో ఎవరికీ ఎదుటివాళ్ల మీద నమ్మకం లేదు. అరుంధతి తన గది మూలలో పూటపూటా ఒక పళ్లెం పెట్టడం మొదలుపెట్టింది. అన్నం మాయమయ్యేది, తొక్కు మిగిలేది. తనను ఉడికించడానికి సృజనే తింటున్నాడని ఆమెకు అనుమానం. చిన్నప్పుడు పెద్దనాయన గొంతుతో ఫోన్ చేసి పెద్దమ్మ చేత కిలో జిలేబీ తెప్పించిన ఘనుడు కదా. మనసు కుదుటపడటానికి పెద్దమ్మే తిని, ఆయన తిన్నాడనుకుంటోందని అతని అనుమానం. అదే నిజమైతే బాగుండునని కూడా అనుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం, మాటల్లో మాటగా, డోరీన్‌ను రూపాయి బిళ్ల గురించి అడిగాడు. ఎవరు తీసి ఉంటారని. ఆమె చేతిలో గిన్నె తుడవడం ఆపేసింది. మండపం కింద నాణెం పెట్టారా అని అడిగింది. పెట్టి, ఎవరినైనా పిలిచారా అని కూడా అడిగింది.

పాతకాలంలో ఏడాదికోసారి అక్కడ కూలీల సంత జరిగేదట. మన అడ్డా కూలీల లాగే. గొర్రెలు కాసేవాడు టోపీకి ఉన్ని కుచ్చు పెట్టుకుని, బండి తోలేవాడు కొరడా తాడు చుట్టుకుని, స్తంభాల దగ్గర నిలబడేవాళ్లు. యజమాని వచ్చి, రమ్మని పిలిచి, చేతిలో ఒక నాణెం పెడితే ఒప్పందం అయిపోయినట్టే. ఏడాదిపాటు వాడు ఆ ఇంటి మనిషి. తిండీ, చూరూ వాళ్లవే. ఎవరూ పిలవని వాళ్లు చీకటిపడేదాకా, మంచు పడుతున్నా, అలాగే నిలబడేవాళ్లట. కొందరు తెల్లారేసరికి కూడా అలాగే ఉండేవాళ్లట.

"అందుకే అక్కడ మేమెవ్వరం ఎవరినీ రమ్మనం," అని నవ్వేసింది డోరీన్. పాత చాదస్తమంది. నవ్వాక మాత్రం మెట్ల వైపు చూసింది.

సృజన్ అటువైపు చూడలేదు.

అయినా ఆటపట్టించేవాడి బుర్ర ఊరుకోదు కదా. నిజమేదో తేల్చాలంటే ఒకటే దారి. ఆ సాయంత్రం పెద్దమ్మ కింద డోరీన్‌కు అల్లం చాయ్ నేర్పిస్తుంటే, అతను పైన ఆమె గదిలో అన్నం ముద్ద చేశాడు. నడుమ గుంట తవ్వి, గుంటలో చెంచాడు తొక్కు కూరి, పైన తెల్లగా మూసేశాడు. పళ్లెం మూలలో పెట్టాడు. పక్కన గ్లాసుతో నీళ్లు. తలుపు గడియ వేసి, మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. తినేది పెద్దనాయనే అయితే పండగ చేసుకుంటాడు. ఎవరూ లేకపోతే ముద్ద అలాగే ఉంటుంది. ఎటైనా గెలుపు తనదే అనుకున్నాడు.

మంచం పక్కన చిన్న దీపం. దాని వెలుగు మూలదాకా పోదు. బయట వాన లేదు, గాలి లేదు. కింద పెద్దమ్మ గొంతు, గిన్నెల చప్పుడు, చక్కెర ఎంతెయ్యాలో వేళ్లతో చెబుతున్న నవ్వు. తర్వాత అవి కూడా దూరమైనట్టు అనిపించింది.

వాసన ముందొచ్చింది.

తడిసిన ఉన్ని వాసన. వానలో నానిన గొంగడి వాసన. దాని అడుగున గొర్రెల పేడ...

మూలలో చెక్క నేల కొంచెం కిందికి దిగింది. ఎవరో మోకాళ్ల మీద కూర్చుంటే దిగినట్టు.

కంచం అంచు నేలకు తగిలింది. మెత్తటి చప్పుడు. ఆగకుండా, ఆబగా... ఎన్నేళ్లుగానో తినని నోరు తింటున్న చప్పుడు. నమలడం.

నమలడం ఆగింది.

మూలలోంచి ఎవరో దగ్గారు.

ఒక్క దగ్గు కాదు. గొంతు కాలినవాడి దగ్గు. పొలమారి, ఆయాసపడి, మళ్లీ దగ్గు. గ్లాసు దొర్లింది. ఏటవాలు నేల మీద నీళ్లు పాక్కుంటూ వచ్చి మంచం కోళ్లను తడిపాయి. అన్నం కంటే ముందు తొక్కు నాకే మనిషి... ఇలా దగ్గడు.

గడియ ఎలా తీశాడో అతనికి గుర్తులేదు. తలుపు తెరిచేసరికి ఎదురుగా పెద్దమ్మ. చేతిలో నీళ్ల చెంబు. దగ్గు విని పరిగెత్తుకొచ్చినట్టుంది. అతణ్ని పక్కకు నెట్టి మూలకు పోయి, నీళ్లు పెట్టి, చీర కొంగుతో నేల తుడిచింది.

"కారం ఎందుకు పెట్టినవురా," అంది వెనక్కి తిరగకుండా. "అలవాటు లేని మనిషికి."

"పెద్దనాయనకు అలవాటు లేదా?" గుసగుసగా అడిగాడు సృజన్.

ఆమె నేల తుడుస్తూనే ఉంది.

శనివారం తిరుగు ప్రయాణం. తొక్కు జాడీ డోరీన్ వంటింటి అలమరలోనే ఉండిపోయింది. గుర్తుచేస్తే బరువు, ఉండనియ్యి అంది అరుంధతి. మండపం ముందు నుంచి కారు పోతుంటే సృజన్ ఆపమన్నాడు. దిగి, స్తంభాల నడుమకు పోయి, గోత్రం చెప్పి, రాఘవేందర్ అని పేరు పెట్టి పిలుద్దామని. పెద్దమ్మ అతని మణికట్టు పట్టుకుంది. విమానం అందదంది. ఆ చేయి ఐస్‌లాగా ఉంది. ఇంకో చేయి పక్కన ఖాళీ సీటు మీద ఉంది, ఎవరి మోకాలి మీదో వేసినట్టు.

విమానంలో ఆమె కళ్లజోడు తీయలేదు. కిటికీ మూసేయమంది. "ఆయనకు భయమైతున్నది," అంది.

చిక్కడపల్లిలో అందరికీ అరుంధతి మళ్లీ మనిషైందని సంతోషం. తింటోంది, నవ్వుతోంది, కూనిరాగం తీస్తోంది. ప్రయాణం కలిసొచ్చిందని త్రివేణి సృజన్‌కు దండం పెట్టింది. ఇంట్లో కారం డబ్బా పై అరకు ఎక్కిందని ఎవరూ పట్టించుకోలేదు. వయసు మీద పడ్డాక చప్పిడే మంచిదన్నారు. వంటింట్లో గొంగడి వాసన వస్తోందంటే, వానకాలం పోయినా చెమ్మ ఆరలేదన్నారు. డాబా మీదికి మాత్రం కాకులు రావడం మానేశాయి. ఎదురింటి పిట్టగోడ నిండా ఉంటాయి. ఆ నెల మాసికం నాడు పెట్టిన ఆకు పొద్దుగూకేదాకా ఎండింది. అవి వరసగా కూర్చుని చూశాయి. ఆకు వైపు కాదు, వంటింటి కిటికీ వైపు.

ఆ సాయంత్రమే డోరీన్ నుంచి సృజన్ ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. కింద నాలుగు ముక్కలు రాసింది. మీరు మరిచిపోయిన జాడీ రోజూ కొంచెం కొంచెం తరుగుతోంది. సత్రంలో ఎవరూ దాని జోలికి పోరు. నల్లపిట్టలు కూడా కిటికీ దగ్గర చేరుతున్నాయి. మీవాళ్లు ఎవరైనా ఇంకా ఇక్కడే ఉన్నారా?

సృజన్ ఫొటోను వేళ్లతో పెద్దది చేశాడు. జాడీలో తొక్కు. ఎర్రటి తొక్కు మీద, నాగలి చాలులాగా, ఒక్క వేలి గీత.

మాట ఇచ్చి తోలుకపోయాడు. తోలుకరాలేదు.

ఫోన్ పట్టుకుని వంటింటి దాకా వెళ్లాడు. చూపించాలి. పెద్దనాయన అక్కడే, ఆ చలిలో, భాష రాని ఊళ్లో ఉండిపోయాడని చెప్పాలి. తలుపు ఓరగా వేసుంది. లోపల అరుంధతి అన్నం వడ్డిస్తున్న చప్పుడు. పీట జరిగిన చప్పుడు. ఇంకో ముద్ద తినమని ఎవరినో మెల్లగా బతిమాలుతోంది.

కట్టుకున్నవాడి పేరు జన్మలో నోటితో అనని మనిషి... పేరు పెట్టి పిలుస్తోంది.

అది రాఘవేందర్ కాదు. తెలుగు పేరు కూడా కాదు.